ఉన్నా అందని ఇనుము

పుట్టిన రోజున పందిపిల్ల బరువు కిలోన్నరకు కాస్త తక్కువ. వారం తిరిగేసరికి రెట్టింపవుతుంది. మూడు వారాలకు నాలుగింతలు. మనిషి బిడ్డ పుట్టినప్పటి బరువుకు రెట్టింపు కావడానికి సుమారు ఐదు నెలలు పడుతుంది. ఒళ్లు ఇంత తొందరగా పెరుగుతుంటే దానికి తగ్గట్టు రక్తమూ పెరగాలి. రక్తం పెరగాలంటే హిమోగ్లోబిన్ కావాలి, హిమోగ్లోబిన్‌కు ఇనుము కావాలి. పందిపిల్లకు చిక్కొచ్చి పడేది సరిగ్గా ఇక్కడే.

లెక్క చూడండి. పిల్ల తల్లి కడుపులోంచి తెచ్చుకునే ఇనుము మొత్తం 50 మిల్లీగ్రాముల లోపే. నెలలు నిండి పుట్టిన మనిషి బిడ్డ కిలో బరువుకు 75 మిల్లీగ్రాముల చొప్పున తెచ్చుకుంటుంది, నాలుగైదు నెలలు దాంతో నెట్టుకొస్తుంది. పందిపిల్లకు రోజుకు దాదాపు 7 మిల్లీగ్రాములు కావాలి. తల్లిపాల ద్వారా దక్కేది రోజుకు ఒక మిల్లీగ్రాము. మిగతా ఆరూ సొంత నిల్వలోంచి తీసుకోవాలి. ఆ నిల్వ కూడా విడిగా దాచిపెట్టిందేమీ కాదు. చాలావరకు అప్పటికే రక్తంలో పనిచేస్తున్న ఇనుమే. అందువల్ల వారం, పది రోజుల్లో రక్తం పలచబడటం మొదలవుతుంది. ఎవరూ పట్టించుకోకపోతే మూడో వారానికి హిమోగ్లోబిన్ సగానికి పడిపోవచ్చు.

తల్లిపాలు సంపూర్ణాహారం అని చిన్నప్పటి నుంచి చదువుకున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. ప్రకృతి ఇంత పెద్ద లొసుగు ఎలా వదిలేసింది? నిజానికి వదల్లేదు. పందిపిల్ల పుట్టిన ఒకటి రెండు రోజులకే ముట్టెతో మట్టి కెలకడం మొదలుపెడుతుంది. కెలికినప్పుడల్లా కాస్త నోట్లోకి పోతుంది. మట్టిలో ఇనుముకు కొదవ లేదు. అందులో ఒంటబట్టేది కొద్ది పాలే అయినా, రోజుకు ఇంకా కావలసింది ఆరు మిల్లీగ్రాములే కదా. అడవిపంది పిల్లలూ, మన ఊళ్ల శివార్లలో తిరిగే పందుల పిల్లలూ ఈ దారినే గట్టెక్కుతాయి. వాటికి పురుగులూ అంటురోగాలూ ఉంటాయి గానీ ఇనుము కరువు మాత్రం అరుదు.

కరువు తెచ్చింది సిమెంటు నేల. పందుల్ని దొడ్డి నుంచి షెడ్డులోకి మార్చి, కింద గచ్చు చేసి, రోజూ కడిగి శుభ్రంగా ఉంచడం మొదలైన చోటల్లా పిల్లలు మూడో వారంలో పాలిపోయాయి. చెవులు కాగితంలా తెల్లబడేవి. కాస్త పరుగెత్తితే డొక్కలు ఎగరేస్తూ రొప్పేవి. బాగా బలిసినట్టు కనిపించే పిల్ల కూడా ఉన్నట్టుండి చచ్చిపోయేది. అన్నింటికంటే వేగంగా పెరుగుతున్న పిల్లే ముందు పోవడం పెంపకందార్లను తికమకపెట్టింది. పైన చెప్పిన లెక్క తెలిస్తే అందులో వింతేమీ లేదు. వేగంగా పెరిగేదానికే ఇనుము ఎక్కువ కావాలి.

ఇది ఇనుము లోపమని గట్టిగా చూపినవారు స్కాట్లాండ్‌లోని ఎబర్డీన్ దగ్గర రోవెట్ సంస్థలో పనిచేసిన మెక్‌గోవన్, క్రైటన్. వాళ్ల వ్యాసం 1923లో వచ్చింది. 1947లో వెన్, మెకాన్స్, ఎల్సీ విడోసన్ కలిసి పందిపిల్ల ఇనుము జమాఖర్చును పూస గుచ్చినట్టు తేల్చారు. ఇంతకీ తల్లికే ఇనుము పెడితే సరిపోదా? ఈ ఆలోచన అందరికీ వచ్చింది. తల్లిపందికి ఎంత పెట్టినా పాలలో ఇనుము పెద్దగా పెరగదు, కడుపులోని పిల్లకు చేరేదీ అంతంతమాత్రమే. తల్లి ఒంట్లో ఇనుము ఉంది, పిల్లకు అందే దారే ఇరుకు. ఒక్కోసారి తల్లికి ఇనుము పెట్టినప్పుడు పిల్లలు తేరుకున్న మాట నిజమే. అది పాల గొప్పతనం కాదు, పిల్లలు తల్లి పేడలో మూతి పెట్టడం వల్ల వచ్చిన లాభం.

1950ల్లో ఇంగ్లండ్‌లోని బెంజర్ ప్రయోగశాల ఇనుమును డెక్స్‌ట్రాన్ అనే పెద్ద చక్కెర అణువుతో జతచేసి, కండలోకి ఎక్కించగలిగే మందు తయారుచేసింది. పుట్టిన మూడు నాలుగు రోజుల్లోపే మెడ కండలో 200 మిల్లీగ్రాములు ఎక్కిస్తే పిల్ల పాలు మానేదాకా చాలావరకు నెట్టుకొస్తుంది. నేడు షెడ్లలో పెంచే పందుల పరిశ్రమ ఈ సూది మీదే నడుస్తోంది.

పరిశోధనశాలకు వచ్చే పందిపిల్ల సంగతి మరీ విచిత్రం. మనిషి శిశువు మీద చేయలేని ప్రయోగాలకు దాన్ని ఎంచుకోవడానికి కారణాలున్నాయి. దాని పొట్ట, పేగులు, చర్మం, గుండె మన వాటికి చాలా దగ్గర. మెదడు అత్యంత వేగంగా పెరిగే కాలం కూడా, మనిషిలో లాగే, పుట్టుకకు ఇటూ అటూ ఉంటుంది. ఎలుకల్లో ఆ దశ పుట్టిన తర్వాత వస్తుంది. శిశువుల పాలపొడి పరీక్షించాలన్నా, పేగు జబ్బులు అర్థం చేసుకోవాలన్నా పందిపిల్ల వైపు చూసేది ఇందుకే. అయితే దాన్ని పెట్టేది ఎక్కడ? స్టీలు బోనులో. నేల మట్టి కాదు, తల్లి ఉండదు, తాగేది కలిపి పోసిన పాలు. పరిశుభ్రత ఎంత పెరిగితే ఇనుము అందే దారులు అంతగా మూసుకుపోతాయి. గుండె మీదో పేగు మీదో ప్రయోగం చేయబోయిన మనిషి తనకు తెలియకుండానే రక్తహీనత మీద ప్రయోగం చేసి కూర్చోవచ్చు. రక్తం పలచబడితే గుండె కొట్టుకునే వేగం, ఊపిరి, రోగనిరోధక శక్తి అన్నీ మారతాయి. పరిశోధన పత్రంలో పిల్లకు ఇనుము ఎప్పుడు, ఎంత ఇచ్చారో రాయకపోతే ఆ ఫలితాలను నేనైతే అనుమానంగానే చదువుతాను.

కావాలనే ఇనుము తగ్గించి చూసినవాళ్లూ ఉన్నారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 2012లో ప్రచురించిన పనిలో పందిపిల్లలకు ఇనుము మోతాదు వేరువేరుగా ఉన్న కలిపిన పాలు పట్టి, తర్వాత ఎటు తిరిగితే పాలు దొరుకుతాయో గుర్తుపెట్టుకోవాల్సిన చిన్న దారుల పరీక్ష పెట్టారు. ఇనుము సరిపడా అందినవి దారి నేర్చుకున్నాయి, అందనివి వెనకబడ్డాయి. రక్తంలో లోటే కాదు, నేర్చుకోవడంలో లోటు కూడా వారాల వ్యవధిలో కొలవడానికి దొరికింది.

సూది వచ్చాక కథ అయిపోయిందనుకుంటే 1960ల మొదట్లో స్వీడన్‌లో మరో ముడి బయటపడింది. ఇనుము సూది వేసిన కొన్ని ఈతల్లో పిల్లలు గంటల్లో చచ్చిపోయేవి. లానెక్, ఆయన సహచరులు 1962లో అసలు సంగతి చూపారు. ఆ పిల్లలకు విటమిన్ ఇ చాలలేదు. ఇనుము విడిగా తిరిగితే కణాల కొవ్వు పొరల్ని ఆక్సీకరణతో తినేస్తుంది, దాన్ని ఆపే కాపలా విటమిన్ ఇ. కాపలా లేని ఒంట్లోకి ఒక్కసారిగా 200 మిల్లీగ్రాములు దించితే మందే విషమైంది. ఒక లోపాన్ని పూడ్చబోయి మరో లోపాన్ని తట్టి లేపారన్నమాట.

ఈ ముడులన్నింటిలో నాకు బాగా నచ్చింది రాగి కథ. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో మాక్స్‌వెల్ వింట్రోబ్, జార్జ్ కార్ట్‌రైట్ అనే రక్త వైద్యులు 1940ల నుంచి పందుల మీద పనిచేశారు. ఎలుక రక్తం కొద్దికొద్దిగా తీసి చూడాలి, పందిలో పదేపదే తీయొచ్చు. పైగా దాని రక్తకణాల తీరు మనిషి వైద్యులకు అర్థమయ్యే తీరు. వాళ్లు చిన్న పందిపిల్లలకు పాలే ప్రధానాహారంగా, ఇనుము ధారాళంగా కలిపి, రాగి మాత్రం అందకుండా పెంచారు. పాలలో రాగి చాలా తక్కువ. పిల్లలకు రక్తహీనత వచ్చింది. రక్తకణాలు చిన్నవై, పాలిపోయి, అచ్చం ఇనుము లోపంలో లాగే కనిపించాయి. ఇనుము మాత్రం పుష్కలంగా ఇస్తూనే ఉన్నారు.

మరి ఆ ఇనుము ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. పేగు గోడలోనూ కాలేయంలోనూ పేరుకుపోయి ఉంది. గోదాము నిండా సరుకుంది, గేటు దాటించే చీటీ లేదు. ఆ చీటీ సెరులోప్లాస్మిన్, రాగి అణువులు ఇమిడి ఉండే రక్త ప్రోటీను. కణం లోపలి నుంచి బయటికొచ్చే ఇనుమును అది ఆక్సీకరించి, రక్తంలో మోసుకెళ్లే ట్రాన్స్‌ఫెర్రిన్ పట్టుకోగలిగిన రూపానికి మారుస్తుంది. 1960ల చివర్లో ఈ బృందం రాగి లేని పందిపిల్లలకు సెరులోప్లాస్మిన్ ఎక్కించి చూసింది. రక్తంలో ఇనుము చకచకా పెరిగింది. కొత్తగా ఒక్క మిల్లీగ్రాము ఇనుము కూడా ఇవ్వకుండానే.

ఇంకో సంగతి ఎవరూ ఊహించనిది. రాగి లేని పందిపిల్లల్లో కొన్ని రక్తహీనత ముదరకముందే హఠాత్తుగా చనిపోయేవి. కోసి చూస్తే బృహద్ధమని, అంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, పగిలి ఉండేది. ఈ గుండె, రక్తనాళాల దెబ్బల్ని యూటా బృందం 1962లో వివరంగా ప్రచురించింది. గుండె కొట్టిన ప్రతిసారీ సాగి మళ్లీ ముడుచుకోవడానికి బృహద్ధమని గోడలో ఎలాస్టిన్ అనే పోగులుంటాయి. ఆ పోగులు ఒకదానితో ఒకటి ముడిపడటానికి రాగితో పనిచేసే ఎంజైము కావాలి. రాగి లేకపోతే ముళ్లు పడవు, గోడ సాగి సాగి చిరుగుతుంది.

రోగ నిపుణుడు విలియం కార్నెస్, ఆయన సహచరులు ఈ నష్టంలోంచే లాభం పిండుకున్నారు. మామూలు ఎలాస్టిన్ దేనిలోనూ కరగదు. దాన్ని విడదీసి చదవడం జీవరసాయన శాస్త్రవేత్తలకు తలనొప్పిగా ఉండేది. రాగి లేని పందిపిల్ల బృహద్ధమనిలో మాత్రం ఇంకా ముడిపడని, కరిగే తొలి రూపం పోగుపడి ఉంటుంది. 1968, 1969ల్లో దాన్ని వేరుచేసి చూపారు. అదే ట్రోపోఎలాస్టిన్. మన రక్తనాళాలు, ఊపిరితిత్తులు, చర్మం ఎందుకు సాగుతాయో తెలిపిన పాఠంలో ముఖ్యమైన పేజీ ఒక జబ్బు పందిపిల్ల ఛాతీలో దొరికింది. మనుషుల్లో రాగి ఒంటబట్టని పుట్టుక జబ్బును జాన్ మెంకెస్ వర్ణించింది కూడా 1962లోనే. ఆ పిల్లల జుట్టు మెలితిరిగి, పెళుసుగా ఉండటం చూసి, ఆస్ట్రేలియాలో రాగి తక్కువైన గొర్రెల ఉన్ని గుర్తొచ్చి, మెల్‌బోర్న్ వైద్యుడు డేవిడ్ డాంక్స్ 1972లో దానికి రాగి లోపమే కారణమని తేల్చాడు.

జింకు కథ మేత బస్తాలో మొదలవుతుంది. పందుల్ని మొక్కజొన్న, సోయా చెక్క దాణాతో మేపడం అమెరికాలో పెరుగుతున్న రోజుల్లో, పాలు మానిన పిల్లలకు పొట్ట కింద, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు లేచి, తర్వాత ఒళ్లంతా గరుకు పెచ్చులు కట్టేవి. పెరుగుదల ఆగిపోయేది. చూడ్డానికి గజ్జిలా ఉన్నా గజ్జి మందుకు లొంగేది కాదు. మినెసోటాలో కెర్న్‌కాంప్, ఫెరిన్ 1953లో దానికి పారాకెరటోసిస్ అని పేరు పెట్టారు. 1955లో అలబామాలో టకర్, సామన్ ఆ మేతలో కాస్త జింకు కలిపారు, పెచ్చులు రాలి కొత్త చర్మం వచ్చింది. ఆ మేతలో జింకు అసలు లేదని కాదు. గింజల్లో, చెక్కలో ఉండే ఫైటేట్ అనే పదార్థం జింకును గట్టిగా పట్టేసుకుంటుంది. ఎముకలు గట్టిపడాలని పెంపకందార్లు ఉదారంగా కలిపిన కాల్షియం ఆ పట్టును ఇంకా బిగిస్తుంది. మంచికని వేసిన సున్నపురాయి పొడే చర్మాన్ని పాడుచేసింది.

ఇక్కడ బీహారులో పుట్టి, పాట్నాలో వైద్యం చదివిన ఆనంద ప్రసాద్ ప్రవేశిస్తాడు. 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌కు ఉద్యోగానికి వెళ్లిన ఆయన దగ్గరికి 21 ఏళ్ల యువకుడొకడు వచ్చాడు. చూస్తే పదేళ్ల పిల్లాడిలా ఉన్నాడు. ఎదుగుదల లేదు, యౌవన లక్షణాలు లేవు, తీవ్రమైన రక్తహీనత. తిండి దాదాపు అంతా పులియబెట్టని గోధుమ రొట్టె. దానితోపాటు రోజూ మట్టి తినే అలవాటు. రక్తహీనతకు ఇనుము లోపం జవాబైతే మరి ఎదుగుదల ఆగడానికి జవాబేమిటి? పందిపిల్లల్లో, ఇతర జంతువుల్లో జింకు లేకపోతే ఎదుగుదల నిలిచిపోతుందని అప్పటికే తెలుసు. ఆ దారి పట్టుకుని, ఇలాంటి రోగుల గురించి 1961లో ప్రచురించి, తర్వాత ఈజిప్టులో పరీక్షలు చేసి, మనుషుల్లోనూ జింకు లోపం ఉంటుందని ప్రసాద్ నిలబెట్టాడు. మనుషులకు జింకు లోపమేమిటని కొట్టిపారేసినవాళ్లు తక్కువేమీ కాదు. 1974లో అమెరికా జాతీయ పరిశోధన మండలి జింకును మనుషులకు అత్యావశ్యక పోషకంగా ప్రకటించి రోజువారీ మోతాదు నిర్ణయించింది.

పందిపిల్లకు ప్రాణం పోసిన మట్టి ఆ షిరాజ్ యువకుడి ఒంట్లో ఖనిజాల్ని పట్టేసుకునే జిగురు మట్టి అయింది. మన్ను తింటే ఇనుము వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఏ మన్ను, ఎవరి పేగు, దానితోపాటు ఏం తిన్నారు అన్నదాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది.

వట్టి ఆకలిని కూడా పందిపిల్లల మీద కొలిచారు, దాని గురించి క్లుప్తంగానే చెబుతాను. 1960ల్లో కేంబ్రిడ్జిలో మెకాన్స్, విడోసన్ బృందం కొన్ని పందిపిల్లలకు ప్రాణం నిలిచేంత మేతే పెట్టి ఏడాదిపాటు ఐదారు కిలోల బరువు దగ్గరే ఆపింది. తర్వాత కడుపునిండా పెడితే అవి ఆశ్చర్యకరమైన వేగంతో పెరిగాయి గానీ మామూలు పందుల పూర్తి పరిమాణాన్ని ఎప్పటికీ అందుకోలేదు. కరువు పిల్లల వైద్యానికి ఇది పనికొచ్చిన జ్ఞానమే. ఆ ఫొటోల్లో ముడతలు పడ్డ ముసలి మొహాలతో ఉన్న పిల్లల్ని చూసినవాళ్లు, ఇదే ప్రయోగం మళ్లీ చేస్తామని వచ్చేవాళ్లకు నేటి జంతు నైతిక సంఘం అనుమతి ఇవ్వకూడదనే అనుకుంటారు. నేనూ అంతే.

ఇక మన దక్కన్ నేలకు దగ్గరగా వచ్చే కథ. మొక్కజొన్నే తిండిగా బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట్ల చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతిచాంచల్యం. 1930ల చివర్లో లండన్‌లోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్ బృందం మొక్కజొన్న మేతతో పందిపిల్లల్ని జబ్బు పాలుచేసి, నికోటినిక్ ఆమ్లం, అంటే నియాసిన్ ఇచ్చి తేర్చింది. కానీ రసాయన పరీక్షలో మొక్కజొన్నలో నియాసిన్ బాగానే కనిపిస్తుంది. పైగా మెక్సికోలో తరతరాలుగా మొక్కజొన్న తినేవాళ్లకు ఈ జబ్బు పెద్దగా రాదు. తేడా వంటలో ఉంది. వాళ్లు గింజల్ని సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి రొట్టె చేస్తారు. కేంబ్రిడ్జి నుంచి కోడిచెక్, షిన్‌ఫీల్డ్ నుంచి బ్రౌడి, కాన్, మిచెల్ కలిసి 1950ల్లో దీన్ని పందిపిల్లల చేతే తేల్చుకున్నారు. మామూలు మొక్కజొన్న తిన్న పిల్లలు జబ్బుపడ్డాయి, సున్నపు నీరు తగిలిన మొక్కజొన్న తిన్నవి కోలుకుని పెరిగాయి. గింజలో కట్టుబడి ఉన్న నియాసిన్‌ను క్షారం విడిపిస్తుంది. పరీక్షనాళికలో ఉన్నట్టు కనిపించిన విటమిన్ పేగుకు అందుతుందో లేదో చెప్పింది పందిపిల్లే.

తెలంగాణ, పరిసర దక్కన్ ప్రాంతాల్లో పెల్లాగ్రా వచ్చినవాళ్లు మొక్కజొన్న కాదు, జొన్న రొట్టె, జొన్న సంకటి తినేవాళ్లు. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార సంస్థలో కొలుత్తూర్ గోపాలన్, శ్రీకంఠయ్య ఈ చిక్కును పట్టించుకున్నారు. జొన్నలో నియాసిన్ తక్కువేమీ కాదు, మొక్కజొన్నలో లాగా కట్టుబడీ లేదని వాళ్లు భావించారు. మరి జబ్బెందుకు? జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం వల్ల, ఒళ్లు ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి నియాసిన్ తయారుచేసుకునే పని దెబ్బతింటుందని వాళ్లు 1960లో ప్రతిపాదించారు. ఇతర దేశాల్లో కొందరు ఈ ప్రభావాన్ని తమ ప్రయోగాల్లో చూడలేకపోయారు, కాబట్టి వాదన ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నియాసిన్ ఉందా లేదా అని గింజలో వెతకడం మానేసి, ఆ గింజ తిన్న ఒళ్లు ఏం చేస్తోందని అడిగిన తీరు మాత్రం నిలిచింది.

తర్వాతి దశాబ్దాల్లో జొన్న తగ్గి, బియ్యం పెరిగి, తిండిలో రకాలు పెరిగాక దక్కన్‌లో ఈ రోగులు అరుదయ్యారు. ఇప్పుడు జొన్న మళ్లీ ఫ్యాషనై, ప్యాకెట్టులో రెట్టింపు ధరకు అమ్ముడవుతోంది. దాన్ని పప్పుతో, గుడ్డుతో, పెరుగుతో తినే పట్నంవాళ్లకు పెల్లాగ్రా భయం లేదు. జబ్బు పడ్డది జొన్న తిన్నవాళ్లు కాదు, జొన్న తప్ప మరేమీ దొరకనివాళ్లు.